లెక్కయా, కల్పనయా?

మూసీకి ఆవలి దిక్కున, గచ్చిబౌలి రాయదుర్గముల అద్దాల మేడలలో, మన పిల్లలెందరో వీడియో గేములు నిర్మించుచు జీవనము సాగించుచున్నారు. అమెరికా దేశపు ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ వంటి పెద్ద సంస్థకు ఈ ఊర శాఖ కలదు. 2022, 2023, 2024 సంవత్సరములందు భారతీయ గేము నిర్మాతల మహాసభ ఈ నగరముననే జరిగెను. అంతకు చాల ముందే, 2009లో, ప్లేస్టేషన్ 2 అను యంత్రము కొరకు మొదటినుండి తుదిదాక భారతదేశముననే తయారైన తొలి గేము వెలువడినప్పుడు, అది పుట్టినచోటు హైదరాబాదే. ఇంత పూర్వరంగముండియు, ఈ విద్యకు మూలాధారమేది, లెక్క తప్పని బుద్ధియా, లేనిదానిని పుట్టింపగల కల్పనయా అను విచారము మన పత్రికలలో ఎచ్చటను కానరాదు. ఒక సినిమా పాటను గూర్చి పుటలకు పుటలు వ్రాయు మనము, మన పిల్లలు రాత్రింబవళ్లు చేయుచున్న ఈ పనిని గూర్చి నాలుగు వాక్యములైనను వ్రాయకుండుట నాకు చిరకాలముగా బాధ కలిగించుచున్నది. అందుచేతనే లాల్‌దర్వాజలో, మా పొరుగింటి అరుగుమీద, ఒక సాయంకాలము నేను విన్న వాదమును ఇచట వ్రాయుటకు పూనుకొంటిని.

వాదించినవారు ఒక మేనమామయు, ఆయన మేనకోడలును. ఆయన కళాశాలలో గణితము బోధించి విశ్రాంతి పొందినవారు. ఆమె రాయదుర్గములోని యొక గేము స్టూడియోలో ప్రోగ్రామరు. ఇరువురును లెక్కలతో బ్రదికినవారే యగుటచేత, వాదము నేను ఎదురుచూచిన త్రోవను పోలేదు. అరుగుమీద సుద్దతో గీసిన పులిమేక పటము; దానిపై పులులకు మూడు గవ్వలు, మేకలకు చింతగింజలు. ఆట సగములోనుండగా మాట పెరిగెను.

మేనకోడలు: మామయ్యా, మా స్టూడియోలో బుద్ధిమంతులకు కొదవలేదు. నాకన్న వేగముగా కోడ్ వ్రాయువారు నా కిరుప్రక్కలను కూర్చుందురు. అయినను మేము చేయునది చాలవరకు ఒరుల యూహకు కాలుసేతులు తొడుగుటయే. ఆటగాడు ఎచ్చట భయపడవలెనో, ఎచ్చట ఊపిరి పీల్చుకొనవలెనో సముద్రముల కావలనే నిర్ణయమై వచ్చును. దానికి కావలసిన చెట్లు, గోడలు, కత్తులు, చొక్కాల మడతలు మేము చేసి పంపుదుము. తప్పులు దొరలినచో దిద్దుదుము. బుద్ధికి జీతము దొరకుచున్నది, కాదనను. కాని గేము ఎవరిదని అడిగినచో, కల్పించినవారి పేరే చెప్పుదురు.

మేనమామ: పేరునుబట్టి విద్యల తారతమ్యము తేల్చరాదమ్మా. నీవు కల్పన యనుచున్నదేదో ఈ పటముమీదనే చూపుము. మూడు పులులు, 15 మేకలు. పులి మేకమీదుగా దుమికి దానిని చంపును. మేకకు చంపు శక్తి లేదు. గుంపుగూడి పులికి దారి మూయుటయే దాని యుద్ధము. మేకలను మఱి తగ్గించినచో పులులకు ఆట విందుభోజనమగును. మఱి పెంచినచో పులులకు కాలు కదపను చోటుండదు. పులి యనగా మేక యనునది పసిబిడ్డకైనను తోచును. 15 వద్ద ఆగుట అందఱికిని చేతకాదు. ఆగినవాడు లెక్క తెలిసినవాడు.

మేనకోడలు: ఆ లెక్క ఎవరో కాగితముమీద వేసి తెచ్చినది కాదు, ఆడియాడి కుదిరినది. నేపాలు దేశీయులు ఆడు బాగ్‌చాల్ ఎరుగుదురు గదా. అందు నాలుగు పులులు, 20 మేకలు. లిమ్ యూ జిన్, యుర్గ్ నీవర్గెల్ట్ అను ఇద్దఱు గణకశాస్త్రజ్ఞులు కంప్యూటరును నియోగించి, ఇరుపక్షములవారును తప్పులేక ఆడినచో ఆ యాట సమముగా ముగియునని నిరూపించిరి. అంత గణనము చేయగల యంత్రము పుట్టకముందే ఆ సమతూకమును పల్లెవారు చేతివేళ్లతో పట్టుకొనిరి. వారికి మొదట కలిగినది లెక్క కాదు, ఒక కోరిక: బలహీనులు ఒకచోట నిలిచి బలవంతుని కదలకుండ కట్టివేయవలెనని. ఆ కోరికయే లేనిచో లెక్కించుటకు అచట ఏమున్నది?

మేనమామ: కోరిక కలుగుటయు, ఆట కుదురుటయు వేర్వేరు. నీవు మఱచితివేమో గాని, నీకు ముందటి తరమువారు ఈ యూరిలోనే ఎంతో గొప్ప కోరికతో పని మొదలుపెట్టిరి. అరోనా టెక్నాలజీస్‌వారు 2009లో బాలహనుమంతుని నాయకునిగా గైకొని గేము చేసిరి. సోనీవారు దానిని ప్రకటించిరి. ఎగురగలవాడు, పెరుగగలవాడు, సముద్రము దాటగలవాడు. గేమునకు హనుమంతుని మించిన నాయకుడు ముల్లోకములందును దొరకునా? దేవుని జాయ్‌స్టిక్‌తో త్రిప్పుట అపచారమని అమెరికాలో రాజన్ జెడ్ అను హిందూ నాయకుడు అభ్యంతరము తెలిపెను. ఆ సంగతి అటుంచుము. ఆడిచూచిన విమర్శకులు దానిని మెచ్చలేదు. కథ మహత్తరమైనదే. కాని మీట నొక్కిన క్షణమునకును, నాయకుడు నేల విడుచు క్షణమునకును నడుమ ఎంత వ్యవధి యుండవలెను? ఎగసినవాడు ఎంత వేగముతో దిగివచ్చినచో ఆడువాని చేతికి ఆ బరువు తెలియును? వీనిని కల్పన చెప్పజాలదు. కొలిచి తెలిసికొనవలసినదే.

ఆమె కొంతసేపు చింతగింజను వ్రేళ్లనడుమ త్రిప్పుచు ఊరకుండెను. మామగారు తగిలిన చోటు మెత్తనిదని నాకును తోచెను. హైదరాబాదులో గేము చేయు ప్రతివారికిని ఆ 2009వ సంవత్సరము గర్వకారణమును, అంతరంగమున ఒక ములుకును గూడ అయియున్నది. తరువాత ఆమె చెప్పిన మాటలు ఈ వాదమంతటిలోను నాకు అత్యంత ప్రధానముగ కనబడినవి.

మేనకోడలు: వారు మాకు త్రోవ వేసిన పెద్దలు, వారిని తేలికచేసి నేను మాటాడను. కాని మామయ్యా, హనుమంతుడు వాల్మీకి కల్పన. ఆ మహానుభావుని మన గేములోనికి ఆహ్వానించినంతమాత్రమున మనము కల్పించినవారము కాము. గేములో కల్పన కథయందుండదు, నియమమునందుండును. జపానులో తోరు ఇవాతానీ అనువాడు 1980లో చేసిన పాక్‌మ్యాన్ సంగతి చెప్పెదను, వినుడు. పసుపుపచ్చని నోరొకటి చుక్కలు మ్రింగుచు సందులలో పరుగెత్తును. నాలుగు దయ్యములు దానిని తరుమును. కథ యింతే. ఎఱ్ఱ దయ్యము మీరున్న గడికే సూటిగ వచ్చును. గులాబి దయ్యము మీ రున్నచోటికి రాదు. మీ ముఖము ఏ దిక్కున నున్నదో చూచి, ఆ దిక్కున నాలుగు గడుల ముందునకు గురిపెట్టి, దారిలో కాచుకొనును. నీలి దయ్యము ఎఱ్ఱదాని చోటునుగూడ లెక్కకు తెచ్చుకొని, ఎటు వచ్చునో చెప్పరాని తీరున వచ్చును. నారింజ దయ్యము దూరముననున్నంతసేపు మహాకోపముతో తరుముకొనివచ్చి, ఎనిమిది గడుల లోపునకు చేరగానే వెనుదిరిగి తన మూలకు పోవును. పట్టుమని పది కూడికలు తీసివేతలు లేవు. అయినను ఒకటి క్రూరము, ఒకటి జిత్తులమారి, ఒకటి పిచ్చిది, ఒకటి పిరికిది. నాలుగు పాత్రలు!

మేనమామ: నీవు నా పక్షముననే సాక్ష్యము చెప్పుచున్నావు. ఆ పిరికితనమంతయు ఎనిమిది అను అంకెలో నున్నది గదా. మూడు అని వ్రాసినచో అది పిరికిదగునా? మీదబడి కఱచియుండెడిది.

మేనకోడలు: ఎనిమిదిని నేను ఒక పూటలో కనిపెట్టగలను; ఏడు పెట్టి చూతును, తొమ్మిది పెట్టి చూతును. దయ్యము పిరికిదైన బాగుండునని తోచుట నాకు ఒక జన్మలో జరుగునో లేదో! తరుమువారు నలుగురును ఒకే తీరున తరిమినచో ఆట ఎంత వేగముగ విసుగు పుట్టించునో, ఆ విసుగును ముందుగ తన మనస్సులో అనుభవించినవానికే ఆ యాలోచన వచ్చును.

మేనమామ: ముందుగ అనుభవించుట యనగానేమి? ఈ నియమము పెట్టినచో ఈ ఫలితము కలుగునని కార్యకారణముల గొలుసును చివరిదాక నడచిచూచుటయే గదా. దానినే నేను బుద్ధి యనుచున్నాను. ఇంకొక జపానువాని సంగతి నేనును చదివితిని. తొమొహిరో నిషికాదో 1978లో స్పేస్ ఇన్వేడర్స్ చేయునపుడు యంత్రమును సైతము తానే కూర్చుకొనెను. తెరమీద 55 మంది శత్రువులు. అందఱిని ఒక్కసారి గీయుటకు యంత్రమునకు శక్తి చాలక వారు మెల్లగ కదలుచుండిరి. ఆడువాడు ఒక్కొక్కని కూల్చినకొలది యంత్రమునకు భారము తగ్గి, మిగిలినవారు వేగముగ కదలసాగిరి. కట్టకడపటివాడు మెఱుపువలె పరుగెత్తెను. గెలుపు దగ్గరపడినకొలది గుండె దడ హెచ్చు ఆ యాట తీరును ఎవడు కల్పించెను? ఎవడును కల్పింపలేదు. యంత్రపు అశక్తినుండి అది తానే పుట్టెను.

మేనకోడలు: పుట్టినదానిని బ్రదుకనిచ్చినదెవరు మామయ్యా? అది మా ఆఫీసులో జరిగియుండినచో, శత్రువుల వేగము నిలుకడగ లేదని ఒకరు బగ్గుల పట్టికలో వ్రాసియుందురు. సాయంకాలము లోపల నేనే దానిని దిద్ది, పని ముగిసినదని గుర్తుపెట్టి యింటికి వచ్చియుందును. నిషికాదో దిద్దలేదు. దోషమువలె కనబడినదే ఆటకు ప్రాణమని చూచెను. ఆ చూపునకు మీ గణితములో సూత్రమున్నదా?

మేనమామ: సూత్రము లేదు, వివేకమున్నది. మంచిని చెడ్డనుండి వేఱుచేయునది బుద్ధి ధర్మమే.

ఇరువురును ఒకే వస్తువును చేతబట్టుకొని నాది నాదని లాగుకొనుచున్నారని ఇచట పాఠకుడు అనుకొనవచ్చును. నేనును ఒక క్షణము అట్లే యనుకొంటిని. కాని ఆమె తన ఆఫీసును గూర్చి చెప్పిన ఆ మాట అంత సులభముగ త్రోసివేయదగినది కాదు. అప్పగించిన పనిని దోషరహితముగ ముగించి యిచ్చుటయందు మన నగరపు బిడ్డలు ఆరితేరిరి. ఆ నేర్పు గౌరవింపదగినదే, దానితో వేలాది కుటుంబములు నిలుచుచున్నవి. అయితే దిద్దుటయే వృత్తియైనవాని కంటికి అనుకొననిదంతయు దోషముగనే కనబడసాగును. అట్టి చోట బుద్ధి పెరిగినకొలది కల్పనకు చోటు తఱుగును. బుద్ధికన్న కల్పన మిన్నయని శాశ్వతముగ తీర్పు చెప్పుటకు నేను చాలను గాని, నేడు, ఈ హైదరాబాదులో, ఈ గేముల పనియందు, ఏది మనకు ఎక్కువ అవసరమని అడిగినచో నేను నిస్సందేహముగ మేనకోడలి ప్రక్కన నిలుతును. లోటు ఎచ్చటనున్నదో అచ్చటనే గదా పోయవలసినది.

మామగారు డూమ్ సంగతి ఎత్తిరి. 1993లో ఆ గేమును నిర్మించినవారిలో గణితమేధావి యైన జాన్ కార్మాక్, ఊహాశాలి యైన జాన్ రొమేరో 1996లో విడిపోవుటయు, రొమేరో తన స్వేచ్ఛానుసారము చేసిన దైకతానా 2000లో విఫలమగుటయు ఆయన చెప్పి, కల్పన ఒంటరిగ నడచినచో గతి ఇదియే యనిరి. ఇద్దఱు మనుష్యుల కలహమునుబట్టి రెండు శక్తుల బలాబలములను తేల్చుట నాకు సమంజసముగ తోచలేదు. ఆమెయు దానిపై నిలువక, మాటను మన సాలార్‌జంగ్ మ్యూజియమునకు మఱల్చెను.

మేనకోడలు: చిన్ననాడు నన్ను మీరే దారుష్షిఫాకు నడిపించుకొనిపోయి ఆ సంగీత గడియారము చూపించితిరి. కుక్ అండ్ కెల్వీ వారిది. గంట కాబోవుచుండగా జనమంతయు వచ్చి దానియెదుట కూర్చుందురు. తలుపు తెఱచుకొని ఒక గడ్డపు బొమ్మ వెలికివచ్చి, ఎన్ని గంటలైన అన్ని దెబ్బలు కొట్టి లోపలికి పోవును. ఆ మ్యూజియములో గడియారములకని ఒక గదియే కలదు. కాలము చెప్పగల యంత్రములు అందు ఎన్నియో గలవు. వానియెదుట ఎవరును కూర్చుండరు.

మేనమామ: ఆ బొమ్మ ఒక్క దినము పండ్రెండు గంటలకు పదునొకండు దెబ్బలు కొట్టి పోయినచో, మఱునాడు దానియెదుటను ఎవరును కూర్చుండరమ్మా.

ఈ సమాధానమునకు ఆమె మనసార నవ్వెను. చాయి వచ్చెను. దానితో ఆయన స్వరము కొంత మెత్తబడి, వాదము విడిచి ప్రశ్నలోనికి దిగిరి.

మేనమామ: సరే, నీకు జీతపు బంధము లేదనుకొనుము. నీ కల్పన ప్రకారము ఈ పాతబస్తీనుండి ఒక గేము పుట్టవలెను. ఏది చేయుదువు?

మేనకోడలు: పతంగి గేము.

మేనమామ: అది అయినది గదా! ఈ యూరి గేమ్‌శాస్త్రవారే 2009లో దేశీ అడ్డా అను పేర మన వీధి ఆటలన్నియు గ్రుచ్చి ఒక గేము చేసిరి. కబడ్డీ, గిల్లీదండా, పతంగి అన్నియు అందున్నవని నీవే చెప్పితివి.

మేనకోడలు: అందు మనము పతంగి ఎగురవేయువారము. నా గేములో పిల్లవానికి పతంగి లేదు, మాంజా లేదు, చర్ఖా లేదు. సంక్రాంతినాడు గుల్జార్‌హౌజ్ దగ్గర అంగళ్లనిండ పతంగులుండును గాని కొనుటకు వానియొద్ద డబ్బులేదు. ఏదో మేడమీద ‘అఫా!’ అను కేక వినబడినంతనే, తెగిన పతంగి కొఱకు వాడు పరుగెత్తవలెను. నియమము ఒకటే: పైకి చూచునంతసేపు కాలిక్రింది దారి తెరమీద కనబడదు, దారి చూచునంతసేపు పతంగి కనబడదు. తోపుడుబండి, పిట్టగోడ, ఎదురుగ వచ్చు ఆటో, అన్నియు ఉండును. ఎప్పుడు తలయెత్తవలెనో, ఎప్పుడు దించవలెనో, అదియే ఆట.

నేను వెంటనే ఏమియు అనలేకపోతిని. ఈ నగరమున పుట్టి పెరిగిన ప్రతి బాలుడును కాళ్లతో అనుభవించిన సంగతి అది. పురాణము లేదు, రాక్షసుడు లేడు, కత్తి లేదు. తలయెత్తుట, తలదించుట అను రెండు చేష్టలలో ఒక పేదబాలుని పండుగ అంతయు ఇమిడియున్నది. దీనిని ఏ దేశమునుండియు ఎవరును వ్రాసి పంపజాలరు.

మేనమామ: పతంగి ఎటు పోవునో పిల్లవాడు ఊహింపవలెనన్నచో గాలి తెలియవలెను. గాలిని తెరమీద ఎట్లు చూపుదువు? బాణపు గుర్తులు పెట్టినచో ఆట చచ్చును.

మేనకోడలు: పావురములు చూపును. మక్కామసీదు ముంగిట గింజలు తినుచున్న గుంపు లేచినప్పుడు గాలికి ఎట్లు వాలుచు తిరుగునో చూచితిరి గదా. దానికి క్రెయిగ్ రేనాల్డ్స్ అను అమెరికావాడు 1987లోనే మార్గము చెప్పెను. గుంపునకు నాయకుడు అక్కఱలేదు. ఒక్కొక్క పక్షి మూడు నియమములు పాటించిన చాలును: పొరుగుదానికి తగులరాదు, పొరుగువాని దిక్కును వేగమును అనుసరింపవలెను, గుంపు నడుమకు జరుగుచుండవలెను. నాలుగవదిగ నేను గాలిని చేర్చెదను.

మేనమామ: అది బుద్ధి!

మేనకోడలు: పావురముచేత గాలిని చూపవచ్చునని తోచుటయో?

మేనమామ: అది తరువాత తేల్చుకొందము. ముందు నీ పతంగి ఎంతసేపటికి నేలబడును? వాడు తలయెత్తి ఎన్ని అడుగులు పరుగెత్తగలడు? ఈ రెండును పొందనిచో నీ నియమము బొమ్మగనే మిగులును. సంక్రాంతికి మేడమీదికి రమ్ము. స్టాప్‌వాచి నేను తెత్తును. తెగిన పతంగులను, తోక మాంజా పొడుగువి వేఱుగ, పొట్టివి వేఱుగ కొలుతము.

మేనకోడలు: కొలువుడు. మీరు కొలిచినదానికన్న రెండింతలు ఆలస్యముగ పడునట్లు నేను చేసెదను. లేనిచో వాడు చార్‌కమాన్ దాటజాలడు.

మేనమామ: రెండింతలే యేల? ఒకటిన్నరయేల కాదు, మూడేల కాదు?

మేనకోడలు: నాలుగు మేడలు, ఒక సందు గీసి, ముందు ఈ వీధి పిల్లల చేతికిత్తును మామయ్యా. వారు మూడింతలు కావలెనన్నచో మూడింతలు చేసెదను.